తెల్లకాగితం కింద పడవ

“ఇందులో బొమ్మల్లేవేటి తాతా?” అని అడిగింది మా అక్క మనవరాలు, పోయిన ఆదివారం మధ్యాహ్నం. టెక్కలిలో మా ఇంటి వరండాలో చాప వేసుకుని, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె ముందు పెట్టుకుని, అందులోంచి తీసిన ఒక పాత బొమ్మల పుస్తకాన్ని నా ముక్కుకి తగిలేంత దగ్గరగా చాపి మరీ అడిగింది. ఆ పిల్ల భోగాపురంలో విమానాశ్రయం కడుతున్నచోట ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. విమానాలు దిగే దారి గీత గీసి ఇచ్చింది మా మనవరాలేనని నేను వీధంతా చెప్పుకున్నాను గాని, నిజానికి తను అక్కడికి వచ్చే సిమెంటు లారీల లెక్క కంప్యూటర్లో ఎక్కిస్తుంది. మా అక్క పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇల్లు సర్దుతుంటే మంచం కింద ఈ పెట్టె దొరికిందిట. “మామ్మ రోజూ మద్యాన్నం కూకోని సదివేది కదా, ఏటి సదివేదో నాకూ తెలవాలి” అని ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెచ్చింది. “నువ్వు ఈ పుస్తకాల్లో పెద్ద పండితుడివంట కదా. ఎక్కడినుంచి మొదలెట్టాలో సెప్పు. ఒకటో నెంబరు నుంచే మొదలెడదామని తీస్తే, సూడు, సగం పేజీలు తెల్లగా ఉన్నాయి. ఎవులో కాగితాలు అతికించీశారు. తడిగుడ్డ పెట్టి నానబెట్టి పీకేస్తాను, పోనీ?” అంటూ లేచి, సమాధానం కోసం ఆగకుండా నూతి దగ్గరికి వెళ్ళి గుడ్డ తడిపేసింది. “ఆగవే!” అని నేను అరిచిన అరుపుకి ఎదురింటి కుక్క వీధి చివరిదాకా పారిపోయింది. కుక్క కాదు లెండి, గోడ మీది కాకి. అదైనా ఎలాగూ ఎగిరేదేమో.

ఆ పుస్తకం పేరు ‘సాగరసింహుడు’. ఈ కాలం వాళ్ళకి తెలియకపోవచ్చు. నెలకో నెంబరు చొప్పున ఏళ్ళ తరబడి వచ్చింది. సాగరసింహుడి చిన్నప్పుడే వాడి తండ్రి పడవతో సహా సముద్రంలో మాయమైపోతాడు. కొడుకు ‘నీలినావ’ అనే ఓడ ఎక్కి ఆయన్ని వెతుకుతూ బయల్దేరతాడు. అదీ కథ. వెతుకుతుండగానే వాడికి మీసాలొచ్చాయి, ఆ మీసాలు తిరిగాయి, ఒక చోట గడ్డం కూడా వచ్చింది గాని పాఠకులు ఒప్పుకోకపోతే తరవాతి నెంబర్లో తీయించేశారు. దీవి తరవాత దీవి, శత్రువు తరవాత శత్రువు. తండ్రి మాత్రం దొరకడు. దొరికితే పుస్తకం ఆగిపోతుంది కదా. చివరికి తండ్రి దొరకకుండానే ఆగిపోయింది. వేసేవాళ్ళు ప్రెస్సు మూసేసుకున్నారు. ఆఖరి నెంబరు ఆఖరి బొమ్మలో తెరచాప ఎత్తి ఉంది, కింద ‘వచ్చే నెల’ అని ఉంది. ఆ వచ్చే నెల నాకింతవరకూ రాలేదు.

ఆ రోజుల్లో టెక్కలిలో నాకొక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా అంత పెద్ద కొట్టు మరొకటి లేదని ఇప్పటికీ చెబుతుంటాను. సైకిలు రిపేరు షాపు పక్కన అరుగు, దాని మీద రెండు చెక్క బీరువాలు, పైన ఒక రేకు, అదీ ఆ పెద్ద కొట్టు. వాన పడితే పుస్తకాలు లోపల, నేను బయట. అయితే ఒక్క విద్యలో మాత్రం నాకు సాటి లేరు, ఇది మాత్రం నిజం. కొత్తగా వచ్చినవాడు ఆ బీరువా చూసి బెదిరిపోయి “ఇన్నున్నాయేటి, ఎక్కడినుంచి మొదలెట్టాల?” అని అడిగితే, వాడి మొహం చూసి చెప్పేసేవాణ్ణి. కొత్తగా పెళ్ళయినవాడైతే పగడాల దీవి కథ, అందులో రాకుమారి ఉంటుంది. పెళ్ళయి చాలాకాలమైనవాడైతే మూగవాళ్ళ దీవి కథ, అందులో ఎవరూ మాట్లాడరు. పరీక్ష తప్పినవాడికి సొరంగం కథ. సాగరసింహుడు అందులోంచి బయటపడడానికి నెలలు నెలలు పడుతుంది, అయినా పడతాడు. ఒకటో నెంబరు మాత్రం ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. బొమ్మలేసినాయనకి అప్పటికింకా చెయ్యి తిరగలేదు, అందులో సాగరసింహుడు గుమ్మడికాయకి కళ్ళు పెట్టినట్టుంటాడు. పైగా తండ్రి పడవ మునగడంతో మొదలు. ఏడుపుతో మొదలెట్టినవాడు రెండో పుస్తకానికి రాడన్నది నా అనుభవం. కథకి మొదలున్న చోటే చదివేవాడికీ మొదలు కానక్కర్లేదని నేను అందరికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

ఆ ఉపన్యాసం అక్కర్లేకుండానే నా మాట నమ్మిన పాఠకుడు మా బావ, అంటే మా అక్క మొగుడు. మాది నౌపడ అవతల ఉప్పుమళ్ళు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కనిచ్చిందీ ఆ ఊళ్ళోనే. వానాకాలం మొదలయ్యేసరికి మా వైపు మగాళ్ళు చాలామంది గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి వెళ్ళిపోతారు. మళ్ళీ వేసవిలోనే ఇల్లు చూడడం. మా బావ రైలు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, భుజాన సంచితోనే నా కొట్టుకి వచ్చి పుస్తకం అడిగేవాడని చెప్పుకోవడం నాకిష్టం. వచ్చేవాడు కాదు. ముందు ఇంటికే వెళ్ళేవాడు, స్నానం చేసేవాడు, కూర వేయించుకుని తినేవాడు, నిద్రపోయేవాడు. సాయంత్రం నేనే పుస్తకాలు సైకిలుకి కట్టుకుని ఊరికి వెళ్ళేవాణ్ణి. అలాగే ఆయన సొరచేపతో కుస్తీ పట్టాడని నేను ఒకరిద్దరికి చెప్పాను. అది చాటలా బల్లపరుపుగా ఉండే టేకు చేప. అప్పటికే చచ్చింది కూడాను. దాని మీద కాలేసి జారిపడ్డాడు.

“ఒరే బామ్మర్దీ, నాను ఎల్లినప్పుడు ఆడు కొండసిలవ కడుపులో ఉన్నాడు. బైటికొచ్చినాడా నేదా?” అని అడిగేవాడు, ఇంటి ముందు ఇసకలో కూర్చుని.

“వచ్చాడు బావా. ఆ తరవాత చాలా జరిగింది.”

“జరిగితే జరిగినాది. అన్నీ సదవడానికి నానేటి పింఛనీ తీసుకుంటన్నానా? మజ్జిది నువ్వు సెప్పీ. ఎక్కడినుంచి మొదలెట్టాలో ఆ పుస్తకం పైన పెట్టు.”

అలా ప్రతి వేసవికీ మా బావ కొత్త పాఠకుడే. ఆయన సముద్రం మీద ఉన్నప్పుడు వచ్చిన నెంబర్లన్నీ ఒక్క సాయంత్రంలో నేను నోటితో చెప్పేసి, ఒక చోట తెచ్చి దింపేవాణ్ణి. ఉన్నదున్నట్టు చెబుతానా? గుర్రాలు కలిపేవాణ్ణి, నిధులు కలిపేవాణ్ణి. “ఓడమీద గుర్రమా? దానికి గడ్డెవుడు ఏస్తాడురా నడిసముద్రంలో?” అని బావ ఆపేవాడు. “దీవిలో కోసి తెచ్చారు బావా.” “తెచ్చినారు సరే, ఉప్పుగాలికి కుళ్ళిపోదేటి?” లోపలినుంచి మా అక్క నవ్వు వినిపించేది.

మా ఊళ్ళో ఒక పట్టింపుంది. మగాళ్ళు వేటకెళ్ళి తిరిగొచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్ళు గిన్నె గాని కుండ గాని బోర్లించరు. కడిగినవి కూడా పక్కకి వాల్చి ఆరబెడతారు. మూతి నేలకి ఆనించి కుండ పెట్టడమూ, అక్కడెక్కడో మొగుడి పడవని తలకిందులు చెయ్యడమూ ఒకటే. మా అక్క ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. ఒకసారి, బావ గుజరాత్‌లో ఉండగా వచ్చిన నెంబరు దాచి ఉంచమని ఇస్తే, ఊరికే తెరిచి చూసింది. అందులో పేజీ నిండా బోర్లాపడ్డ పడవ. “ఇంట్లో గిన్ని బోర్లించకండా నాను సస్తంటే, నువ్వు ఏకంగా పడవే బోర్లించి తెస్తావేటిరా, బుద్దినేనోడా!” అని నా వీపు మీద ఒకటి వేసింది. వేసి, పొయ్యి మీది గంజి తీసి, గోడకున్న కేలండర్లో అయిపోయిన నెల చింపి, ముక్క కత్తిరించి, అంకెలున్న వైపు బొమ్మకి ఆనించి, తెల్లవైపు పైకి వచ్చేలా అతికించేసింది. ఆ రోజునుంచి అదే పద్ధతి. సముద్రం కథ కదా, పడవ మునగని నెంబరెక్కడుంటుంది? ప్రతి నెలా నేను పుస్తకం తేవడం, అక్క గంజి కాచడం. తరవాత బావ ముచ్చటపడి పాత నెంబర్లన్నీ ఇంట్లో ఉండాలంటే, ఒకటో నెంబరు కూడా ఇవ్వక తప్పింది కాదు. అక్క దాన్ని తెరిచి, ఒక పేజీ చూసి, ఇంకో పేజీ చూసి, గోడ మీది కేలండరు మొత్తం దింపింది.

బావ ఆ అతుకుల్లో ఒక్కటి కూడా పీకలేదు. “పీకి సూడు బావా” అని నేను ఎగదోసేవాణ్ణి. “దాన్ని పీకితే మీ అక్క నన్ను పీకుతాది. నువ్వు సెప్పు, దీని కిందేటున్నాది?” “తిమింగలం.” “దీని కింద?” “ఇంకో తిమింగలం.” “ఈడి సముద్రంలో సేపలే గాని పడవలు మునగవేటిరా?” అనేవాడు గట్టిగా, వంటింట్లోకి వినపడేలా. లోపల గరిటె చప్పుడు ఆగేది. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఒక ఏడు వేసవికి ఊరివాళ్ళు తిరిగి వచ్చారు. నేనే నౌపడ స్టేషనుకి వెళ్ళాను. దిగిన వాళ్ళలో ఒకడు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. గాలి లేచిన రోజున ఒక బోటు రేవుకి రాలేదనీ, చాలా రోజులు వెతికారనీ, అందులోనే మా బావ ఉన్నాడనీ చెప్పాడు. నా సైకిలుకి పుస్తకాల కట్ట అలాగే ఉంది. ఆ ఏడు ఆయన మొదలెట్టాల్సిన నెంబరు పైనే పెట్టాను.

శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి మా అక్క అత్తగారు ఏ కర్మా జరగనివ్వలేదు. “నా కొడుకుని సూసినోడెవుడు? సూడనప్పుడు నా కోడలి బొట్టు తుడవమనీవోడెవుడు?” అని గుమ్మంలో కూర్చుంది. ఆవిడ ముందు నిలబడి మాట్లాడే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. అక్క బొట్టు, గాజులు అలాగే ఉన్నాయి. నేను పుస్తకాలు తీసుకెళ్ళడం మానేశాను. ఎవరికోసం? కొన్ని నెలలయ్యాక అక్కే కొట్టుకి వచ్చింది, తలమీద ఎండుచేపల తట్టతో, సంతకి పోతూ.

“పుస్తకం తేవడం మానీసినావేటిరా?”

“అక్కా...”

“మీ బావొచ్చి కత అడిగితే నానేటి సెప్పాల? నువ్వేమో సగం నీ సొంతం కలుపుతావు. ఈసారి నాను సదువుతాను.”

మా అక్క ఐదో తరగతి. అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కునే చదువు. అంతమంది మొహాలు చూసి చోటు చెప్పినవాణ్ణి, ఆవిడ మొహం చూసి ఎక్కడినుంచి మొదలెట్టాలో తేల్చుకోలేకపోయాను. నా ఉపన్యాసం నేనే మరిచి “మొదట్నుంచీ తెలియకపోతే అర్థం కాదక్కా, పోనీ పగడాల దీవి నుంచి...” అని నసిగాను.

“అయ్యన్నీ మీ బావకి తెలుసు కదరా. ఆయనకి తెలవని కాడినుంచి నాకియ్యి” అంది.

పైన పెట్టి ఉంచిన ఆ నెంబరే తీసి ఇచ్చాను. నా కళ్ళ వెంట ధారలుగా నీళ్ళు కారాయని రాయాలని ఉంది గాని, కారలేదు. ముక్కు చీదుకున్నాను. “జలుబేటిరా, మిరియాల సారు తాగు” అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తరవాత ఎన్నేళ్ళు! నెలనెలా పుస్తకం వచ్చేది. బోర్లాపడ్డ పడవ కనపడితే గంజి కాగేది, కేలండరు చిరిగేది, ఎందుకంటే మా అక్క లెక్కలో బావ ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. చదివింది మరిచిపోకుండా మధ్యాహ్నాలు అత్తగారికి అప్పజెప్పేది. “నీ కొడుకు అడిగితే ఇలగ సెప్తాను, బాగున్నాదా అత్తా?” అనేది. ఆ ముసలావిడ అన్నీ విని, “ఆ మొసలిది కాసింత తగ్గించి సెప్పు. ఆడు నమ్మడు” అనేది. ఇద్దరూ కలిసి తగ్గించేవాళ్ళు.

ఆ అత్తగారు కూడా పోయింది. ఆవిడ కర్మ అయిన తరవాతి నెల నేను తీసుకెళ్ళిన నెంబరు అట్ట మీదే ఉంది, నీలినావ తలకిందులుగా, చుట్టూ నల్లని నీళ్ళు. లోపలి బొమ్మయితే మూసి ఉంచవచ్చు. అట్టకేం చెయ్యాలి? అక్క పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఆవిడ చూడకముందే అతికించేద్దామని నేనే వంటింట్లోకి పోయి గంజి కుండ తెచ్చుకున్నాను. గోడ మీద అయిపోయిన నెల చింపుతుంటే వెనకనుంచి “ఉండనీరా” అంది.

“అట్ట మీదే ఉందక్కా...”

“సూసినాను. ఉండనీ.”

నా చేతిలోంచి కుండ తీసుకుంది. ఉన్న గంజి రెండు గ్లాసుల్లో పోసి, ఉప్పురాయి వేసి, ఒకటి నాకిచ్చింది. ఒకటి తను తాగింది. తాగి, కుండ తీసుకెళ్ళి నూతి గట్టు దగ్గర బూడిదతో తోమి, కడిగి, రాతి మీద బోర్లించింది. ఊరికే చెయ్యి జారి పెట్టినట్టు కాదు. మూతి రాయికి సరిగ్గా ఆనేలా అటూ ఇటూ తిప్పి, బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చుంది. మా అక్క ఆ రోజున ఒక్క చుక్క కన్నీరు కార్చలేదని నేను చాలామందికి గొప్పగా చెప్పాను. అది కూడా నా సొంతమే. ఆవిడ మొహం వైపు నేను చూడలేదు. కుండ అంచునుంచి నీళ్ళు కారి మట్టిలో ఇంకిపోతుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను.

బొట్టు మాత్రం తీయలేదు. తీయమని అడిగేవాళ్ళూ లేరు. ఆవిడ చివరిదాకా మొగుడి కోసం ఎదురుచూసిందని ఊరంతా అనుకుంది, ఇప్పటికీ అనుకుంటోంది. నేను కాదనలేదు. ఆ సాయంత్రం నేను బయల్దేరుతుంటే, “ఒరే తమ్ముడా, పెట్టిలోంచి ఒకటోది తీసి ఎల్లు. ఇన్నాళ్ళూ ఆయన కోసరం సదివినాను. ఇక నాకోసరం మొదట్నుంచి సదువుకుంటాను” అంది. తీసి చూస్తే సగం తెల్లకాగితాలే. “ఇంకెందుకక్కా ఇవి, నానబెట్టి పీకేస్తాను” అన్నాను.

“వొద్దు. అయ్యి అతికించిన్నాడు మీ బావ ఉన్నాడు” అంది.

అలా ఆ తెలుపుతోనే చదువుకుంది. ప్రెస్సు మూతపడి కొత్తవి రావడం ఆగిపోయాక, మళ్ళీ ఒకటో నెంబరు దగ్గరికి వచ్చేది. మనవరాలు చూసిన మధ్యాహ్నాలన్నీ అవే.

ఇదంతా నేను ఆ పిల్లకి వరండాలో కూర్చుని చెప్పాను. ఈసారి గుర్రాలేవీ కలపలేదు. తను తడిగుడ్డ చేత్తో పట్టుకుని వింది. గుడ్డలో నీళ్ళు చాప మీద కారుతూనే ఉన్నాయి. “మామ్మ బొట్టెట్టుకునీది కదా. తాతొస్తాడనే ఉన్నాదని మా నాన్న సెప్పీవోడు” అంది. “మీ నాన్నకి తెలీదు” అన్నాను. లేచి వెళ్ళి గుడ్డ పిండి తీగ మీద ఆరేసి వచ్చింది. వచ్చి, ఒకటో నెంబరు మళ్ళీ తెరిచి, మొదటి తెల్లకాగితం ఉన్న పేజీని మెల్లగా ఎత్తి, వరండాలోకి పడుతున్న ఎండకి అడ్డంగా పట్టుకుంది.

“తాతా, అంకెలు కనిపిస్తన్నాయి. తిరగబడి ఉన్నాయి.”

“కేలండరు కదే. ఆ నెల తేదీలు.”

“ఆటెనకాల పడవున్నాది.” ఒక కన్ను మూసి ఇంకా దగ్గరగా చూసింది. “అలమీద ఓ పక్కకి ఒరిగినాది. మునిగినాదో నేదో తెలీడం నేదు.”

“అయితే అక్కడినుంచే మొదలెట్టమ్మా” అన్నాను. ఒకటో నెంబరు నుంచి మొదలెట్టమని నేను చెప్పిన పాఠకురాలు ఈమె ఒక్కతే. తను పుస్తకాన్ని అలాగే ఎండలో పట్టుకుని ఉంది, చెయ్యి నొప్పెడుతున్నా దించకుండా. నేనూ పక్కకి జరిగి చూశాను. ఆ తేదీలన్నీ ఎప్పుడో గడిచిపోయాయి. వాటి వెనక పడవ మాత్రం ఇంకా మునగలేదు.